కుడిచేత్తో రాయని పెన్ను

మా చిన్నప్పుడు... బీరంగూడ ఇంట్లో నా ఎడమచేతికి మాత్రమే గాజులుండేవి. కుడిచేయి బోడిగా ఉండేది. చూసినవాళ్ళు ఇదేం ఫ్యాషన్ అనుకునేవారు. ఫ్యాషన్ కాదు... మా నాయనమ్మ పెట్టిన కాపలా.

నేను ఎడమచేత్తో రాస్తానని ఆమెకు పెద్ద దిగులు. ఆడపిల్ల రేపు నలుగురిలో అదే చేత్తో వడ్డిస్తే ఏమంటారని. అందుకే ఆ చేతికి నిండా మట్టిగాజులు తొడిగింది. నేను వరండాలో హోంవర్క్ చేస్తుంటే, ఆమె వంటింట్లో చింతపండు పిసుకుతూ చెవి మాత్రం ఇటే వేసి ఉంచేది. గాజులు గలగలమంటే చాలు...

"ఏ చెయ్యే అది?"

పెన్సిల్ వెంటనే చేయి మారేది.

కుడిచేత్తో నా రాత కోడి గెలికినట్టుండేది. పెన్సిలుతో ఎలాగో నెట్టుకొచ్చాను గానీ, ఐదో తరగతిలో ఇంకు పెన్ను పట్టించాక ఇక నా వల్ల కాలేదు. కాగితం చిరిగేది, చుక్కలు కారేవి. పిల్ల తెలివైనదే గానీ పేపరు దిద్దేవాళ్ళకు ఆ సంగతి తెలియదని టీచరు నాన్నను పిలిచి చెప్పింది. మెల్లగా నాకు రాయడమంటేనే భయం పట్టుకుంది. జవాబు మొత్తం తెలిసినా రెండు ముక్కలు రాసి లేచిపోయేదాన్ని.

నాన్నకు పాశమైలారంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఒక సెలవునాడు పాత పేపర్లు వేయడానికి సలీం చిచ్చా తుక్కు దుకాణానికి వెళుతూ నన్నూ తీసుకెళ్ళాడు. మూతపడిన కంపెనీల బల్లలు, బీరువాలు, ఫ్యాన్లు చివరికి అక్కడికే చేరేవి. ఆ బల్లల సొరుగుల్లో దొరికే పాత ఇంకు పెన్నులను మాత్రం చిచ్చా తూకానికి వేసేవాడు కాదు. బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవాడు. అది ఆయన శౌకు. ఒక్కోదాన్నీ కడిగి, తుడిచి, ఇంకు పోసి, దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళతో ఒక గీత గీయించేవాడు.

ఆ రోజు ఆయన చేతిలో లావుపాటి నల్ల పెన్ను ఉంది. మూతకి సన్నటి బంగారు రంగు పట్టీ... పాళీ మీద తీగలా ఏదో చెక్కడం. అంత తుప్పు మధ్య అంత అందమైన వస్తువా అని నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

చూడ్డానికి సూరత్ బాగుంది గానీ దీనికి రాత లేదని చిచ్చా బాధపడ్డాడు. నాన్న గీసి చూశాడు... గరగరమంది. ఇనుము దింపుతున్న లారీ డ్రైవరు కూడా గీసి, దీనికంటే మేకు నయం అని నవ్వి వెళ్ళిపోయాడు.

నేనూ రాస్తానన్నాను. చిచ్చా ఇచ్చాడు. నా పేరు రాశాను...

గాజులు గలగలమన్నాయి. ఎడమచేత్తో పట్టుకున్నానని అప్పుడు గానీ నాకు తెలియలేదు.

భయంగా నాన్న వైపు చూశాను. నాన్న నన్ను చూడటం లేదు. కాగితాన్ని చూస్తున్నాడు. ఎక్కడా గరగర లేదు... నా పేరు నీలంగా, తడితడిగా మెరుస్తోంది.

చిచ్చా పెన్ను తీసుకుని తన ఎడమచేత్తో ఒక వంకర గీత గీశాడు. అదీ జారిపోయింది.

"అరె... ఇది ఎడమ చెయ్యోళ్ళ పెన్ను. ఏండ్లకేండ్లు రాసి పాళీని అటు దిక్కు అరగదీసిన్రు. మనం ఉల్టా పట్టుకొని ఖరాబైంది అంటున్నం."

ఆ మాట నాలో ఎక్కడో దిగింది. అంటే... ఏదో కంపెనీలో, ఏదో బల్ల ముందు, ఒక పెద్ద మనిషి రోజూ ఎడమచేత్తో రాసుకుంటూ బతికాడన్నమాట. ఎవరూ చేయి మార్చమనలేదన్నమాట. అలా కూడా పెద్దవాళ్ళు కావచ్చని నాకు అంతవరకూ తెలియదు.

చిచ్చా మూత బిగించాడు. డబ్బా వైపు ఒకసారి చూసి, పెన్ను నా చేతిలోనే పెట్టేశాడు. నాన్న జేబులో చేయి పెట్టబోతే వద్దన్నాడు. "తెలుగు రాస్తే చెయ్యంత నీలం పూస్కుంటవ్ బిడ్డా. మా ఉర్దూ నేర్చుకో... కుడికెల్లి ఎడమకు రాస్తం. నీ చెయ్యికి మరక గూడ అంటదు."

అసలు పంచాయితీ ఇంటికొచ్చాక. ఈ పెన్ను కుడిచేత్తో రాయదని నాన్న చెప్తే నాయనమ్మ నమ్మలేదు. "ఏ చెయ్యో పెన్నుకేం ఎరుక?" అంటూ అమ్మ చేతికిచ్చింది. అమ్మ రాస్తే గరగర. నీ పెండ్లాం నీ దిక్కే అని నాన్న మీద విసుక్కుని, చివరికి నన్ను కూర్చోబెట్టింది.

రాశాను. గాజులు మోగుతూనే ఉన్నాయి. ఈసారి ఆపలేదు. తెలుగు పాఠంలో ఒక పేజీ మొత్తం రాశాను.

నాయనమ్మకు చదువు రాదు. కానీ రోజూ ముగ్గు వేసే మనిషి... వరుస ఎక్కడ వంకర పోయిందో చూడగానే పట్టేస్తుంది. పేజీని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత నా ఎడమచేయి పట్టుకుని సగం గాజులు తీసి కుడిచేతికి తొడిగింది.

"రాతకు ఎడమ. బువ్వకు కుడి. సమజైందా?"

సమజైంది.

ఆ తర్వాత రాయడమంటే ఒక పండగ. ఇంకు బుడ్డి మూత తీయగానే వచ్చే వాసన... పాశమైలారం గాలి ఇటు మళ్ళి మందుల కంపెనీల కంపు కొట్టిన సాయంత్రాలు కూడా నాకు ఆ వాసనే తెలిసేది. నోటుబుక్కును పక్కకు తిప్పి పెట్టుకునేదాన్ని, తడి అక్షరాల మీద చేయి పడకుండా. అయినా చిటికెనవేలి అంచు ఎప్పుడూ నీలమే. అక్షరం మెరిసి, మెల్లగా ఆరి, కాగితంలో ఇంకిపోయేదాకా చూస్తూ కూర్చోవడం... ఎక్కడా కుదురుగా ఉండని నన్ను కుదురుగా కూర్చోబెట్టింది అదొక్కటే.

ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో ఉద్యోగం. జీతం పడితే చాలు, పాత పెన్నులు వెతికే పిచ్చి పట్టుకుంది. కొత్తగా ఏది చేతికొచ్చినా ముందు భూతద్దం పెట్టి పాళీ చూస్తాను... ఎటు అరిగింది, ఎలాంటి చేయి దీన్ని పట్టుకుని ఉంటుంది అని.

ఆఫీసులో నా చేయి గురించి ఎవరూ ఏమీ అనరు. అనడానికి అసలు ఎవరూ చేత్తో రాయరు కదా... సంతకం కూడా తెర మీద వేలితో గీయడమే. ఈ పోస్టు కూడా రెండు బొటనవేళ్ళతోనే కొట్టాను. ఏ చెయ్యే అని కసిరేవాళ్ళు లేరు, మంచిదే. కానీ ఏళ్ళ తరబడి స్నేహం చేసిన వాళ్ళ చేతిరాత ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు...

ఇంట్లో ఏదైనా పాత పెన్ను ఉంటే ఒక్క వాక్యం రాసి, ఫోటో తీసి కింద కామెంట్లలో పెట్టండి. గరగరలాడినా సరే... ఒకసారి చేయి మార్చి చూడండి.