ఎల్లమ్మకు పసుపు మేజోళ్ళు

గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద ఆరేసిన ఉన్ని బట్టల తడి వాసన తగిలితే నాకు బ్రీడా గుర్తొస్తారు. లూకన్‌లో మా పక్కింటి ఐరిష్ ఆవిడ. అప్పటికే డెబ్బై దాటారు, ఒకప్పుడు పెళ్ళిగౌన్లు కుట్టేవారు. మేం అద్దెకు దిగిన మొదటి వారంలోనే, మా చెత్తడబ్బా తన గోడవైపు జరిగిందని తలుపు తట్టి మరీ చెప్పారు. అది జరగలేదు. ఈ రోజుకీ అదే అంటాను. అయినా ఆవిడ గురించి మంచే రాయాలి, మరో దారి లేదు.

ఆ ఏడాది మా అక్షరకి ఎనిమిదేళ్ళు. హాలోవీన్‌కి మంత్రగత్తె వద్దు, ఎల్లమ్మ వేషం కావాలంది. ఎల్లమ్మ మా ఇలవేల్పు. అక్షర నెలలు నిండకుండా పుట్టి గాజుపెట్టెలో ఉన్నన్ని రోజులూ నేను పిలిచింది ఆ తల్లినే. ఆ కథ వింటూనే పెరిగింది పిల్ల. నేను సంబరపడి ఈ సంగతి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గ్రూపులో పెద్దరికం చేసే ఒక ఆంటీ, "దయ్యాల పండగకి అమ్మవారా? కాస్తయినా ఆలోచించక్కర్లేదా?" అని రాసింది. దాని కింద పద్నాలుగు మంది బొటనవేళ్ళు ఎత్తారు. ఆ పద్నాలుగు పేర్లూ ఇప్పుడడిగినా చెప్పగలను.

నాకు పంతం వచ్చింది. వీధంతా జడుసుకునే అమ్మవారిని తయారుచేసి, ఫొటో ఆ గ్రూపులోనే పెట్టాలనుకున్నాను. మా ఇంట్లో కుట్టుమిషను లేదు కాబట్టి బ్రీడా దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఎల్లమ్మ గురించి అడిగారు. ఏం కడుతుంది, తల మీద ఏముంటుంది, కాళ్ళకేం తొడుక్కుంటుంది. గాజుపెట్టె రోజుల సంగతీ చెప్పాను. అమ్మవారు చెప్పులు వేసుకోదన్నాను. బయట వాన. ఆవిడ లోపలికెళ్ళి, చనిపోయిన భర్తవి తెల్లటి ఉన్ని మేజోళ్ళు తెచ్చి, బూట్ల మీద తొడుగుదామన్నారు. వాటిని పసుపునీళ్ళలో నానబెట్టి, ఆవిడ రేడియేటర్ మీద ఆరేసి, అంచుకి పారాణిలా ఎర్రదారం కుట్టాం. కుట్టు వంకర పోయిందని నాచేత రెండుసార్లు విప్పించారు. వేపాకు దొరక్కపోతే తన పెరట్లోని బే ఆకులు, మన బిర్యానీ ఆకుల్లాంటివి, కోసిచ్చారు.

మూడోరోజు నేను ఎర్రటి గుడ్డతో జానెడు నాలుక, రంగుతో నెత్తురు చారలు పెట్టిన ముసుగు తీసుకెళ్ళాను. బ్రీడా మిషను ఆపేశారు.

"నువ్వు రోజూ దణ్ణం పెట్టుకునే మొహం ఇదేనా?"

హాలోవీన్ కదా అన్నాను.

"పిల్ల గాజుపెట్టెలో ఉన్నప్పుడు నువ్వు పిలిచింది దీన్నేనా సుజాతా? ఇది ఎవరికోసం చేశావు?"

ఆ పద్నాలుగు మంది కోసమని నాకు తెలుసు. ముసుగు పట్టుకుని ఇంటికొచ్చేశాను. రెండు రోజులు ఆవిడ మొహం చూడలేదు. పాపే వచ్చి, ఈ ముసుగు వేసుకోనని, ఇది మన అమ్మవారు కాదని ఇంగ్లీషులో తేల్చి చెప్పింది. నాలుకా ముసుగూ చెత్తలో వేసి, పాప నుదుట పెద్ద బొట్టు పెట్టాను.

హాలోవీన్ సాయంత్రం మేం మొదట తట్టింది బ్రీడా తలుపే. ఎవరమ్మా వచ్చిందని ఆవిడ అడిగితే, "మా ఇంట్లో అందర్నీ చూసుకునేది ఈవిడే" అంది అక్షర. ఆ రాత్రి అన్ని ఇళ్ళలోనూ పిల్లలకి గుమ్మంలోనే చాక్లెట్లు పెట్టి పంపుతారు. బ్రీడా తలుపు బార్లా తీసి పక్కకి జరిగారు.

"అయితే లోపలికి రావాలి ఆవిడ," అన్నారు.

తర్వాత బ్రీడా తన కూతురి దగ్గరికి డ్రోహెడా అనే ఊరు వెళ్ళారు, అక్కడే పోయారు. కుట్టు బాగుందని నాతో ఒక్కసారీ అనలేదు. అదీ గుర్తుంది.

నేను మారిపోయానని చెప్పను. ఫిర్యాదు రాయాల్సిన చోట రాస్తూనే ఉన్నాను. కానీ ఏదైనా చెయ్యబోయేముందు, నాకిష్టమైనదానికి నా కోపం మొహం తగిలిస్తున్నానా అని చూసుకుంటాను. చాలాసార్లు తగిలించే ఉంటాను. అప్పుడు కూర్చుని విప్పుతాను, ఒక్కో కుట్టూ.