బదులు పలక

నాకు ముక్కు మీదే కోపం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ ఆదివారం అరకులో కాఫీ కొట్టు వెనక షెడ్డులో నేను వేసిన కేకల గురించి ఎవరైనా మీకు చెబితే నమ్మేయండి, అన్నీ నిజమే. రోడ్డు అవతల బొంగు చికెన్ అమ్మేవాడు పొయ్యి వదిలి చూడ్డానికి వచ్చాడట.

నేను లెక్కల టీచర్ని. మాది ఎస్.కోట దగ్గర మైదానపు ఊరు, ఉద్యోగం మాత్రం అరకులో, ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో. వారమంతా పిల్లలతో గొంతు పోయేలా అరుస్తాను, ఆదివారం వస్తే క్వార్టర్లో గోడలతో మాట్లాడుకునేదాన్ని. మూడేళ్ల కిందట అలాంటి ఒక ఆదివారం వాన పట్టుకుంటే కాఫీ కొట్టులో ఆగాను. వెనక షెడ్డులో గింజలు వేయించే పొయ్యి పక్కన బల్ల వేసుకుని నలుగురైదుగురు కొట్టుకు చచ్చిపోతున్నారు. తొంగి చూస్తే బల్ల మీద అట్టముక్కలు. అరగంట నిలబడి చూశాను. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఆట చిన్నదే. గుడ్డ సంచిలో డెబ్బై పైచిలుకు చదరపు పలకలు ఉంటాయి. ఒక్కో దాని మీద బాట ముక్కో, ఏటి ముక్కో, ఊరి గోడ ముక్కో అచ్చువేసి ఉంటుంది. చూడకుండా ఒకటి తీయాలి, బల్ల మీద ఉన్నవాటికి అతికేలా పెట్టాలి: బాటకి బాట, గోడకి గోడ. ఊరు మొదలెట్టినవాడు అందులో తన రంగు చెక్కబొమ్మని నిలబెడతాడు. గోడ చుట్టూ మూసుకుంటే ఆ ఊరి పాయింట్లన్నీ బొమ్మ గలవాడివి. మూసుకోకపోతే సున్నా. అంతే. ఇందులో ఏముంది అనుకున్నారా? నేనూ అలాగే అనుకుని మొదటి ఆరు ఆటల్లో ఆఖరున నిలిచాను.

ఈ ఆట పెట్టె ఒక బ్యాంకు ఆఫీసరుది. యాభై దాటినాయన, కళ్లజోడు, మాట తక్కువ. హాస్టల్ రోజుల్లో కొనుక్కున్న పెట్టెను ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి మోసుకు తిరిగాడు. ఆయన ఆట అంతా అడ్డం కొట్టడమే. మన ఊరి గోడ పక్కన ఎలాంటి పలకా పట్టని సందు చేసి వదిలేస్తాడు. మన బొమ్మ లోపల జైల్లో పడుతుంది. తర్వాత నెమ్మదిగా కళ్లజోడు తుడుచుకుంటాడు. ఆ తుడుచుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. అందుకే పంతం పట్టి పలకలు లెక్కపెట్టడం నేర్చుకున్నాను. మూల గోడలు తొమ్మిది, నాలుగు దారులు కలిసేవి మూడు అని ఏ రకం ఎన్ని ఉన్నాయో బట్టీ పట్టాను. ఆట సగానికి వచ్చేసరికి సంచిలో ఏం మిగిలిందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. అయినా ఆయన్ని ఓడించలేకపోయాను.

ఫోనులో మాకో గ్రూపు కూడా ఉంది. కొయ్యూరు నుంచి ఒక మాస్టారు, డొంకరాయి కరెంటు ప్రాజెక్టు క్వార్టర్ల నుంచి ఒక ఉద్యోగి, ఇంకా అరకు చూడ్డానికి వచ్చి షెడ్డులో ఇరుక్కుపోయినవాళ్లు. ఆదివారం ఆట ఫోటో పెడితే బుధవారం దాకా రచ్చే. ఈ పలక ఇక్కడ పెట్టాల్సింది, కాదు అక్కడ అని. డొంకరాయి ఆయన ఒకసారి నన్ను తిడుతూ సగంలో ఆగిపోయాడు. సిగ్నల్ పోయింది. రెండు రోజుల తర్వాత సిగ్నల్ రాగానే మిగతా సగం తిట్టాడు.

ఇక అప్ప సంగతి. రైలు కట్టకి పైన కొండ మీది ఊరు ఆమెది. ఒకటిన్నర ఎకరం కాఫీ తోట, పైన కాస్త సామ, రాగి. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక కొట్టుకి విస్తళ్లు కుట్టే అడ్డాకు కట్టలు ఇవ్వడానికి వచ్చేది, ఒకరోజు బల్ల దగ్గర కూర్చుండిపోయింది. వయసులో నాకన్నా పెద్దది కాబట్టి అక్కా అన్నట్టు అప్పా అని పిలుస్తాను, నన్ను పంతులమ్మా అంటుంది. అప్పకి చదువు రాదు కానీ పలక చూడగానే ఎక్కడ అతుకుతుందో చెయ్యి దానంతటదే పోతుంది. అలాంటి మనిషి ప్రతిసారీ ఆఖరున ఉండేది. ఎందుకంటే తన పలకలు తీసుకెళ్లి ఎదుటివాళ్ల ఊళ్లలో పెట్టేది.

"ఏటి సేత్తన్నావప్పా? అది నా ఊరు," అన్నాను మొదటిసారి, ఆమె యాసలోనే.

"నీదే. ఒక్క పలక తక్కువయింది కదా, పెట్టీసినాను. నా ఊరికి తక్కువైనప్పుడు నువ్వు పెడుదువు."

వాళ్ల ఊళ్లో పని అలాగే జరుగుతుంది. కాఫీ పళ్లు కోయాలన్నా, సామ కోత కోయాలన్నా కూలి ఉండదు. ఈ రోజు పదిమంది నీ చేలో, రేపు ఆ పదిమందీ నా చేలో. బదులు పని అంటారు. చేలో సరే, ఆటలో బదులేమిటి? ఏడాది పాటు అరిచాను. "ఇది పోటీ అప్పా, పొలం కాదు," అని పదిసార్లు చెప్పాను. వినదు. పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ముందు లొంగింది ఆ కాఫీ కొట్టు నడిపే కుర్రాడు, నేను తమ్ముడూ అంటాను. అతనిదీ కొండ మీది ఊరే. ఒకరోజు సిగ్గుపడుతూ అప్ప ఊళ్లో ఒక పలక పెట్టాడు. తర్వాత నేను. ఒప్పుకోవడానికి మనసు రాదుగానీ, జైల్లో పడ్డ నా బొమ్మని ఆమె రెండుసార్లు విడిపించాక ముఖం చెల్లలేదు. అప్పుడు మొదలైంది అసలు మజా. బ్యాంకాయన ఒక ఊరికి అడ్డం కొట్టేలోపు మా ఊళ్లు మూడు మూసుకునేవి. అప్ప ఆఖరు నుంచి రెండో స్థానానికి వచ్చేసింది. "ముగ్గురు కలిసి ఒకడి మీద పడటం న్యాయమేనా?" అని ఆయన గ్రూపులో అడిగాడు. ఆట నియమాల పుస్తకంలో వద్దని ఎక్కడా లేదని కొయ్యూరు మాస్టారు తీర్పు చెప్పాడు. ఆ వారమంతా నేను గాల్లో తేలాను.

ఇంతలో బ్యాంకాయనకి పార్వతీపురం బదిలీ వచ్చింది.

మనిషి పోతే పెట్టె పోతుంది. ఆన్‌లైన్‌లో వెతికాను, ఆ కంపెనీ అచ్చు వేయడమే మానేసింది. కొయ్యూరు మాస్టారు అట్టపెట్టెలు కత్తిరించి ఒక సెట్టు చేసి పంపాడు. ఇక్కడి మంచుకి వారంలో వంకర్లు పోయాయి. సంచిలో చెయ్యి పెడితే ఏది ఏమిటో వేళ్లకి తెలిసిపోయేది. నాకు మళ్లీ ఆ క్వార్టర్, ఆ గోడలే. పెట్టె ఇక్కడ వదిలేయమని తమ్ముడు ఆయన్ని అడిగాడు.

"వచ్చే ఆదివారం నా ఆఖరి ఆట. మీలో ఎవరు ఓడించినా పెట్టె వాళ్లది. లేకపోతే నాతో వస్తుంది," అన్నాడాయన. మూడేళ్లలో ఆయన ఓడింది లేదు.

అదే రోజు ఇంకొకటి జరిగింది. ఆటలో ఆయనకొచ్చిన పలక బల్ల మీద ఒక్క చోటే పట్టింది, అదీ అప్ప ఊళ్లో. గత్యంతరం లేక పెట్టాడు, ఊరు మూసుకుంది. అందరం పడీ పడీ నవ్వాం. అప్ప నవ్వలేదు. "బాబు నాకో పలక పెట్టినాడు," అంది, అంతే. నేను పట్టించుకోలేదు.

ఆఖరి ఆదివారం షెడ్డు కిక్కిరిసిపోయింది. తమ్ముడు కొట్టు గిరాకీ వదిలేసి కూర్చున్నాడు. ఎవరో ఫోను పైకి కట్టి డొంకరాయికీ కొయ్యూరుకీ చూపిస్తున్నారు. ఆడే వరస నేను, తమ్ముడు, అప్ప, ఆయన. నాకు ఆకలి దప్పికలు తెలియడం లేదు. ఆట ఆఖరికి వచ్చేసరికి నేనూ తమ్ముడూ వెనకపడ్డాం. ఆయనకి యాభై మూడు, అప్పకి యాభై నాలుగు. ఇద్దరికీ చెరొక ఊరు మూయకుండా ఉంది. అప్పది పది పాయింట్ల ఊరు, ఆయనది ఎనిమిది. రెండింటికీ కావలసింది ఒక్కటే, మూల గోడ. సంచిలో ఆరు పలకలు, అందులో మూల గోడలు రెండు.

అప్ప చెయ్యి పెట్టి తీసింది. మూల గోడ.

గెలిచేశాం అనుకున్నాను. అప్ప పలకని రెండువైపులా తిప్పి చూసి, చెయ్యి చాచి ఆయన ఊళ్లో పెట్టింది. గోడ మూసుకుంది. ఆయనకి అరవై ఒకటి.

అప్పుడు వేశాను కేకలు. "నోటి దగ్గర కూడు తీసి కుక్కకి వేస్తావా?" అన్నాను. ఆయన ముందే అన్నాను, ఆ మాటకి ఇప్పటికీ సిగ్గే. నీకు మతి ఉందా అన్నాను, నీ వల్ల పెట్టె పోయిందన్నాను, బల్ల మీద కొట్టాను, రెండు బొమ్మలు కింద పడ్డాయి.

అప్ప వంగి బొమ్మలు ఏరి పెట్టింది. "పోయిన వారం బాబు నా సేలోకి వొచ్చినాడు. ఆ బదులు తీరకుండా నా పనికి నాను సెయ్యి పెట్టకూడదు పంతులమ్మా. మా ఊళ్లో అలా సేత్తే మరెవులూ రారు."

"ఆయన కావాలని పెట్టలేదప్పా. వేరే చోటు లేక పెట్టాడు."

"ఎలాగొచ్చినా వొచ్చినాడు కదా."

ఐదు పలకలు మిగిలాయి. అందులో మూల గోడ ఒక్కటి. ఆయన తీశాడు, బాట. నేను తీశాను, ఏరు. తమ్ముడు తీశాడు, బాట. అప్ప తీసింది, నిలువు గోడ, ఆమె ఊరికి పట్టలేదు. ఇంక లెక్కపెట్టక్కర్లేదు. ఆఖరి పలక ఏదో నాకు తెలుసు, ఎవరి చేతికి వస్తుందో తెలుసు. తీసి దూరంగా ఏ చివరనో పడేస్తే అరవై ఒకటి మీద యాభై నాలుగు, ఆట సరి, పెట్టె సరి. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

ఆయన తీశాడు. కళ్లజోడు తీశాడు గానీ తుడుచుకోలేదు.

"ఇప్పుడు నేను మీ ఊళ్లో పెడితే," అని అప్పని అడిగాడు, "మీరు నాకు ఒక బదులు ఉంటారు కదా?"

"ఉంటాను మరి."

"అది తీర్చుకోవాలంటే నేను మళ్లీ ఇక్కడికి రావాలి."

"రావాల. నాను పార్వతీపురం రానేను, తోట ఉంది."

నాకు విషయం అర్థమై మళ్లీ కోపం వచ్చింది. "దానం చేసిన గెలుపు మాకొద్దు సార్," అన్నాను చెప్పులతోనే.

"దానం కాదు మేడం, బదులు," అన్నాడాయన, పలక పెట్టేశాడు. గోడ మూసుకుంది. అరవై నాలుగు, అరవై ఒకటి. షెడ్డు మొత్తం ఒక్కసారి లేచింది. ఫోనులో డొంకరాయి ఆయన ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్క వినబడలేదు. తమ్ముడు నన్ను పట్టుకుని ఊపేశాడు. నేను ఏడ్చాను, ఎందుకో అడగొద్దు.

పెట్టె కొట్టులోనే ఉంటుంది, అప్పది. రెండు నెలలు ఆయన రాలేదు. ఆయన నీలం బొమ్మల్ని మాత్రం అప్ప ఎవరికీ ఇవ్వలేదు. "బదులుంది," అనేది.

మూడో నెల ఒక ఆదివారం బస్సు దిగి, చేతిలో సంచితో షెడ్డులోకి వచ్చాడు. కూర్చున్నాం, ఆడాం. సగం ఆటకి అప్పకి ఒక మంచి పలక వచ్చింది, తన ఊరికి సరిగ్గా సరిపోయేది. నేను కేక వేయబోయి కాఫీ గ్లాసు అందుకున్నాను. ఆమె దాన్ని ఆయన ఊళ్లో పెట్టింది. ఆయన నవ్వి, "తీరిపోయింది," అన్నాడు.

తీరిపోతే మరి మళ్లీ ఎందుకు వస్తాడు?

ఆయన తర్వాత వంతు నాది. నా చేతికి మూల గోడ వచ్చింది, నా పన్నెండు పాయింట్ల ఊరు నోరు తెరుచుకుని ఎదురుగా ఉంది. దాని వైపు చూడకుండా తీసుకెళ్లి ఆయన రెండో ఊళ్లో పెట్టాను.

"ఇప్పుడు మీరు నాకు ఒక బదులున్నారు సార్," అన్నాను. "వచ్చే నెల రండి, తీర్చండి."