మూడో బంద్ కార్డు

తొమ్మిదో తరగతిలో ఉండగా నేను బంద్ రావాలని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉన్న రోజులవి. మాది కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. బంద్ అన్న మాట వినపడితే చాలు, మా అమ్మ గుండెల్లో రాయి పడేది. ముందు రోజే పాలూ కూరగాయలూ తెచ్చిపెట్టుకుని, పొద్దుటినుంచీ తలుపు గొళ్ళెం తియ్యనిచ్చేది కాదు. నేనేమో గంతులు వేసేదాన్ని. "అందరం హడలి చస్తుంటే నీకు పండగేంటే?" అని ఓసారి వీపు మీద ఒక్కటిచ్చింది కూడా.

నా పండగకి కారణం సైన్సు ప్రాజెక్టు. ఎవరి ప్రశ్న వాళ్ళే వెతుక్కోవాలని మా సైన్సు సారు ఆ ఏడాది పట్టుబట్టారు. థర్మోకోల్ అగ్నిపర్వతాలు తెస్తే గేటు బయటే పెట్టిస్తానన్నారు. నేనూ, నా బెంచీ స్నేహితురాలూ కలిసి రోడ్డు మీద గాలిలో మసి ఎంతుందో చూద్దామనుకున్నాం. తన ఇల్లు ఎల్బీనగర్‌లో. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ నాన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్‌కి సెవెన్ సీటర్ ఆటో నడిపేవారు.

పని తేలికే. తెల్ల చార్టు ముక్క మీద గళ్ళు గీసి, పల్చగా వాజిలిన్ రాసి, పొద్దున్నే బస్టాపు పక్కన జ్యూస్ కొట్టు కొక్కేనికి వేలాడదీయాలి. సాయంత్రం తీసి, భూతద్దం పెట్టి గళ్ళలో నల్ల చుక్కలు లెక్కపెట్టాలి. ఒక్కటే జాగ్రత్త: వాజిలిన్ రాసిన వైపు ఏదీ తగలకూడదు. అందుకని కార్డుని టిఫిన్ డబ్బాలో నిలబెట్టి తెచ్చుకునేవాళ్ళం. మర్నాడు అదే డబ్బాలో పెరుగన్నం తినేదాన్ని, వాసన వేసినా సరే.

మామూలు రోజుల్లో కార్డు మసిగుడ్డలా తయారయ్యేది. ఒకరోజు పొద్దున కార్డు కట్టి స్కూలుకి వెళ్తే, బంద్ అని వెంటనే ఇళ్ళకి పంపేశారు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. సాయంత్రం అమ్మ కళ్ళు కప్పి వెళ్ళి తీస్తే, కార్డు దాదాపు కట్టినప్పుడున్నట్టే ఉంది! మేమిద్దరం నడిరోడ్డు మీద ఎగిరాం. సారు మాత్రం ఎగరలేదు. "ఒక్కసారి వస్తే నమ్మలేం. మూడు బంద్‌లకీ ఇలాగే వస్తే చెప్పండి, మిమ్మల్ని జిల్లా ప్రదర్శనకి పంపే పూచీ నాది" అన్నారు.

అదిగో, అప్పట్నుంచి పట్టుకుంది నాకు బంద్ పిచ్చి. రెండోది త్వరగానే వచ్చింది. దొంగతనంగా వెళ్ళి కట్టిన ఆ కార్డూ తెల్లగానే ఉంది. ఇక స్కూల్లో ప్రదర్శన దగ్గరపడుతోంది, మూడోది రాదే! చివరికి ఒక బంద్ ప్రకటించారు. నేను వాజిలిన్ రాసి సిద్ధం చేసుకుని కూర్చున్నాక, రద్దయిందని టీవీలో చెప్పారు. అన్నం మానేసి ఏడ్చాను. మర్నాడు స్కూలు వదిలాక తిన్నగా ఎల్బీనగర్‌లో స్నేహితురాలి ఇంటికి పోయాను. తనకి ఆ రోజు జ్వరం. వాళ్ళ నాన్న వాకిట్లో ఏదో పాడుకుంటూ ఆటో కడుగుతున్నారు.

"మన ఖర్మ చూడవే, బంద్ కాలేదు" అని గుమ్మంలోనే ఏడుపు అందుకున్నాను.

తను నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "జర మెల్లగ మాట్లాడే. నాయిన ఇయ్యాల్నే నవ్విండు. బంద్ అయితే ఆటో తియ్యడు. గా రోజు మా అమ్మ ఒక్క పూటనే వండుతది."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు కార్డు కడుతుంటివా? నాక్గూడ జిల్లాకు పోవాలని ఉండదా ఏంది?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఆటోలో ఎన్నిసార్లు ఎక్కి తిరిగానో! బంద్ అంటే ఆ ఆటో ఆగిపోవడమని నా మట్టిబుర్రకి తట్టనే లేదు. కార్డు తెల్లగా ఉందని నేను గంతులేసిన రెండు రోజులూ ఆ ఇంట్లో ఒక పూట పస్తే అన్నమాట.

చీకటి పడుతోందని వాళ్ళ నాన్నే నన్ను ఇంటిదగ్గర దింపుతానన్నారు. నా ఏడుపు వాకిట్లోకి వినపడనే వినపడింది. దారిలో అద్దంలోంచి నన్ను చూస్తూ, "మీ పరీక్షకు బంద్ గావాల్నంట గదా బిడ్డా? ఏడ్వకు. తెలంగాణ ఒచ్చేదాంక బంద్‌లు ఏడికి పోతయ్? ఇంకోటి ఒస్తది" అన్నారు.

ఆయనను ఎవరూ బెదిరించి ఆటో ఆపించలేదు. తెలంగాణ రావాలని ఆయనే ఆపుకునేవారు. అలాంటి మనిషి, నన్ను ఓదార్చడానికి ఇంకో బంద్ వస్తుందంటున్నారు! 

ఆయనన్నట్టే ప్రదర్శన వారంలో బంద్ వచ్చింది. నేను కార్డు కట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కనీసం ఆ పాటి ప్రాయశ్చిత్తమైనా చేసుకుందామని. సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. అమ్మ భయపడి గొళ్ళెం తియ్యలేదు. కిటికీలోంచి చూస్తే స్నేహితురాలూ, వాళ్ళ నాన్నా. ఎల్బీనగర్ నుంచి నడిచి వచ్చారు. ఆయన చేతిలో న్యూస్‌పేపర్ పొట్లం.

"పొద్దున బిడ్డను అడిగి కార్డు తీస్కపోయి నేనే కట్టిన" అన్నారు. "పొద్దంత గాడనే కూసున్న. ఒక్క పోరణ్ని గూడ ముట్టనియ్యలే. దుమ్ము అంటకుండ గట్టిగ చుట్టుకొచ్చిన."

 పొట్లం విప్పితే పేపరు వాజిలిన్‌కి అతుక్కుని ఉంది. మెల్లగా లాగినా అచ్చు సిరా అంతా కార్డు మీదే ఉండిపోయింది. డబ్బా సంగతి ఆయనకి ఎవరు చెప్పారు గనక! "డబ్బల పెట్టి సుట్టినవనుకున్న గద నాయినా..." అని తను మొదలుపెట్టబోతే కాలు తొక్కాను.

"చాలా బాగుంది అంకుల్" అన్నాను. అమ్మ ఆయనకి టీ ఇచ్చింది.

ప్రదర్శన రోజు ఆయన ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చి, మా బల్లకి కాస్త పక్కగా నిలబడ్డారు. బల్ల మీద మూడు కార్డులూ పెట్టాం. మూడోది పెట్టకపోతే ఆయన అడుగుతారు. మార్కులు వేసే మేడం వంగి చూసి, "ఇదేంటమ్మా, మూడోది ఇంత నల్లగా ఉంది? ఇది కూడా బంద్ రోజుదేనా?" అని అడిగారు.

పేపరు అంటుకుందని ఒక్క మాట చెబితే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన మిగతా వాటివైపు చూడటమే లేదు, ఆ కార్డునే చూస్తున్నారు.

"ఆ రోజు గాలి అలాగే ఉంది మేడం" అన్నాను.

స్నేహితురాలు నా వైపు చూసింది. వాళ్ళ నాన్న వైపు చూసింది. "అవును మేడం" అంది.

"అయితే మీరు చెప్పింది రుజువు కానట్టే కదా" అని మేడం పక్క బల్లకి వెళ్ళిపోయారు. మా సారు తల పట్టుకున్నారు. జిల్లాకి ఎవరో అయస్కాంతాల వాళ్ళు వెళ్ళారు.

గేటు దగ్గర స్నేహితురాలి నాన్న మా కోసం ఆటో పెట్టుకుని ఉన్నారు. మా మొహాలు చూశారు. నా తల మీద చెయ్యి పెట్టారు.

"నల్లగైందని గదా? పరేషాన్ గాకున్రి బిడ్డా. మల్ల బంద్ అయితే, ఈసారి రెండు పేపర్లు చుట్టి తెస్త."