ఊరి పేరు లేని ‘పోతాండా’

2023 ఎండాకాలం. మా ఆఫీసు కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఒక మేడ మీద ఉండేది. ఏం పని చేస్తారమ్మా అని ఇంటి యజమాని అడిగితే, ఆటలు తయారుచేస్తామని చెప్పాను. ఆ తర్వాత అద్దె వసూలుకు వచ్చినప్పుడల్లా ఆయన గది మూలల్లో క్యారమ్ బోర్డుల కోసం వెతికేవాడు.

మా ఆట బోర్డు మీద ఆడేది కాదు. దాన్ని ఆల్టర్నేట్ రియాలిటీ గేమ్ అంటారు. అంటే కథ మామూలు జీవితంలోకే వచ్చి కూర్చుంటుంది. గోడ మీద ఒక పోస్టరు కనబడుతుంది. దాని మీది నంబరుకు ఫోన్ చేస్తే ఒక గొంతు మాట్లాడుతుంది. ఆ గొంతు చెప్పిన ఊరికి బస్సెక్కి పోతే అక్కడ ఇంకో గుర్తు దొరుకుతుంది. ఈ తరహా ఆటలకు పాత సూత్రం ఒకటుంది: ఇది ఆట అని ఆటలో ఎవరూ ఒప్పుకోకూడదు.

అప్పుడు మేము చేస్తున్న ఆట పేరు ‘సుంకన్న యాడ?’. సుంకన్న పత్తికొండ యువకుడు. పాత దిగుడుబావుల ఫోటోలు తీసుకుంటూ తిరుగుతూ, ఏదో కనిపెట్టి, ఎవరికో భయపడి మాయమవుతాడు. ఆడేవాళ్ళు బావి తర్వాత బావి చూసుకుంటూ కర్నూలు నుంచి కడప దాకా అతన్ని వెతకాలి. నిజానికి సుంకన్న అనేవాడు లేడు. మా ఆఫీసులో కథలు రాసే మద్దిలేటి పుట్టించిన పాత్ర, మద్దిలేటే ఇచ్చిన గొంతు. నాది ప్లేటెస్ట్ పని. ఆట బయటికి వెళ్ళేముందు కొందరితో ఆడించి, ఎక్కడ తికమకపడుతున్నారో, ఎక్కడ విసుక్కుంటున్నారో దూరం నుంచి చూసి సరిచేయించడం. చూసేవాళ్ళు నోరు మెదపకూడదు. నాకు అది కొంచెం కష్టమే.

మొదటి టెస్టులో సుంకన్న గొంతు వినగానే అందరూ నవ్వారు. “వీడు పత్తికొండోడా, బెజవాడోడా?” అని ఒకాయన మొహం మీదే అడిగాడు. మద్దిలేటి ఉడుక్కున్నాడు. మాటలన్నీ ముందేసుకుని కూర్చుని ‘ఎక్కడ’ను ‘యాడ’ చేశాడు, ‘చాలా’ను ‘శానా’ చేశాడు. చివరి సందేశంలో ‘ఇక నన్ను వెతకొద్దు, నేను వెళ్తున్నాను’ అని ఉండేది. దాన్ని ‘ఇంగ నన్ను ఎతకొద్దండి, నేను పోతాండా’ అని మార్చి మళ్ళీ రికార్డు చేశాడు. నేను విని, అదిరిపోయిందప్పా అన్నాను.

రెండో టెస్టు మైదుకూరులో. అక్కడ మందుల షాపు నడిపే రమణ మా టెస్టర్. ఆట మొదలైన ఉదయం, షాపు కౌంటరు మీద ఫోన్ పెట్టి, చేతులు ఖాళీ లేక స్పీకర్‌లో ఆ సందేశం విన్నాడు. ‘నేను ఆకుపచ్చ చొక్కా ఏసుకోని మైదుకూరు బస్టాండులో కాసేపుంటా. ఇంగ నన్ను ఎతకొద్దండి. నేను పోతాండా.’ బి.పి. మాత్రల కోసం వచ్చిన ఒక పెద్దావిడ అది పూర్తిగా విన్నది. శివమ్మ. మైదుకూరు బడిలో సోషల్ చెప్పి రిటైరైన టీచరు.

“ఎవురప్పా ఆ పిల్లోడు?” అని అడిగిందట ఆమె.

“ఎవురో సుంకన్నంట టీచరమ్మా. ఎతుకుతాండాం,” అన్నాడట రమణ. మా నియమం అదే కదా, నియమం తప్పని మనిషి. పైగా ఆమె సుంకన్న నంబరు అడిగితే ఇచ్చాడు.

అప్పటికి నాకివేవీ తెలియవు. నేను బస్టాండులో ఒక బెంచీ మీద, రమణ వస్తే ఏం చేస్తాడో రాసుకోవడానికి కూర్చుని ఉన్నాను. రమణ రాలేదు. ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని, చేతిలో స్టీలు డబ్బాతో ఒక పెద్దావిడ వచ్చింది. ఆకుపచ్చ చొక్కా కనబడితే చాలు, దగ్గరికి పోయి, “నువ్వేనా నాయనా సుంకన్న?” అని అడుగుతోంది. కడప బస్సు కిటికీలోంచి తొంగి చూసింది. చెరుకురసం బండి దగ్గర అడిగింది. ఆకుపచ్చ లుంగీ కట్టుకున్న ముసలాయనను కూడా వదల్లేదు. ఆయన, “నేను ఖాసీం పీరా తల్లీ,” అన్నాడు పాపం.

మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడడం వినబడింది. మా నంబరుకు చేస్తే సందేశం అయిపోయాక మన మాట రికార్డు అయ్యేందుకు కాస్త వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఆమె అంటోంది: “నాయనా సుంకన్నా, నేను బస్టాండులో ఉండా. నీకు ఎవురితో బాధొచ్చినా నాతో చెప్పు. తొందర పడొద్దప్పా. యాడికీ పోవద్దు.” అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఏం విన్నదో. లేని మనిషి ప్రాణం కాపాడడానికి ఆమె ఎండలో పడి వచ్చింది.

నేను నోరు మెదపకూడని దాన్ని. లేచి పోయి చేయి పట్టుకున్నాను. “అమ్మా, సుంకన్న లేడు. ఇదంతా ఆట. మేమే తయారుచేశాం.”

ఆమె నమ్మలేదు. “ఎవురు పాపా నువ్వు? వాణ్ణి యాడ దాచిపెట్టినారు?”

ఎంత చెప్పినా వినదు, “టీచర్ను, నాకా అబద్ధాలు చెప్పేది?” అంటుంది. చివరికి కర్నూలుకు ఫోన్ చేసి, మద్దిలేటికి సంగతంతా చెప్పి, సుంకన్న గొంతుతో మాట్లాడమని, ఫోన్ ఆమె చేతికిచ్చాను. వాడు బెదిరిపోయి, “టీచరమ్మా, నేను బాగుండా. నా పేరు మద్దిలేటి. అది ఉత్త కతమ్మా,” అన్నాడు.

ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. తర్వాత, “అన్నం తిన్యావా?” అని అడిగింది.

“ల్యా టీచరమ్మా.”

అప్పుడు కూలబడినట్టు బెంచీ మీద కూర్చుంది. కన్నీళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాతే కోపం వచ్చింది. నన్ను బడిపిల్లను నిలబెట్టినట్టు నిలబెట్టింది.

“ఆటైతే మాత్రం ఆ మాట అంటారా పాపా? కడపకు పోతాండా అంటే ఒక అర్థముండాది. బద్వేలుకు పోతాండా అంటే ఒక అర్థముండాది. ఏ ఊరూ చెప్పకుండా, ఎతకొద్దండి, పోతాండా అంటే వాడు యాడికి పోతాండాడని అనుకోవల్ల? ఇల్లు దాటేవాడు ఎవుడైనా ‘పోయొస్తా’ అంటాడు గదా!”

కర్నూలులో పుట్టి పెరిగిన మనిషిని నేను. ఒక్కో మాటా విడిగా మార్చుకుంటూ పోయాం గానీ, మొత్తం కలిపి వింటే ఇక్కడి చెవికి ఏమవుతుందో ఆలోచించలేదు. “మీకు ఆ పిల్లోడు ఎవరో కూడా తెలీదు కదమ్మా,” అన్నాను.

“పేరు తెలిసినాక ఇంగ కొత్తోడెట్లవుతాడు?” అంది ఆమె. డబ్బా నా చేతిలో పెట్టింది. “చిత్రాన్నం. ఆ మద్దిలేటికియ్యి. ఆకలిమీద ఉండాడు.”

ఆ డబ్బా మీద ‘శివమ్మ’ అని పేరు కొట్టించి ఉంది. మద్దిలేటి ఆ సాయంత్రం ఆఫీసులో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తింటూనే ఆ వాక్యం కొట్టేశాడు. సుంకన్న ఇప్పుడు, ‘సిద్దవటం దాకా పోయొస్తా’ అంటాడు.

ఇంకో మార్పు దగ్గరే మాకు గొడవైంది. సందేశం చివర, ఇది ఆట అని చెప్పి, భయపడ్డవాళ్ళు ఫోన్‌లో ఒకటి అంకె నొక్కితే ధైర్యం చెప్పే ఇంకో గొంతు పలకాలన్నాను నేను. ఆట చప్పబడిపోతుందక్కా అన్నాడు వాడు. నేను పట్టు వదల్లేదు. ఆ బస్టాండు వాడు చూడలేదు, నేను చూశాను.

ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి అమ్మతో ఓళిగలు, అవే బొబ్బట్లు, చేయించి అందులో పెట్టుకుని మైదుకూరు పోయాను. ఒకటి నొక్కితే పలికే గొంతు మీదే కావాలమ్మా అని అడిగాను. ఆమె ఓళిగ ముక్క నోట్లో వేసుకుని, బెల్లం ఎక్కువైందని చెప్పి, ఒప్పుకుంది. మేము రాసిచ్చింది పక్కన పెట్టేసి తన మాటల్లోనే చెప్పింది: “నేను శివమ్మ టీచర్ను. సుంకన్న బాగుండాడు. ఇది ఆట. నీకు నిజంగా బాధేమన్నా ఉంటే నీ వాళ్ళతో చెప్పుకో. ముందు అన్నం తిను నాయనా.”

ఆట బయటికొచ్చింది. చప్పబడలేదు. భయపడినవాళ్ళకోసం పెట్టిన ఆ ఒకటిని భయం లేనివాళ్ళు కూడా నొక్కడం మొదలుపెట్టారు. సందేశం తర్వాతి వ్యవధిలో కొందరు జవాబులు వదిలారు. “తిన్నా టీచరమ్మా.” “మాపటికి తింటా టీచరమ్మా, బావికాడ ఉండా.” ఒకమ్మాయి మాత్రం, “ఈ పొద్దు మా అమ్మతో చెప్పుకున్నా టీచర్,” అని ఫోన్ పెట్టేసింది. ఏం చెప్పుకుందో మాకు తెలియదు. అది విన్న రోజు నేనూ మద్దిలేటీ ఏ పనీ చేయలేకపోయాం.

జనం నమ్ముతారా లేదా అని పరీక్షించడమే నా పని అనుకుంటూ వచ్చాను అంతదాకా. నమ్మినవాళ్ళు ఏం చేస్తారో శివమ్మ టీచరు చూపించింది. ఆమెకు నేను ఎంత రుణపడ్డానో చెప్పుకోవడానికే ఇదంతా రాశాను. ఇప్పుడు ఏ ఆట టెస్టుకు వచ్చినా మొదట ఒకటే అడుగుతాను: ఇది విని ఎవరైనా అన్నం కట్టుకుని బయల్దేరితే, బస్టాండులో వాళ్ళకు ఎవరు ఎదురొస్తారు?