నాయన పేరుతో కుట్టిన జీను

మా నాయన చూపు తగ్గుతోందని ఆయన కుట్టు చూస్తే తెలిసింది నాకు.

ఉదయగిరిలో చెప్పులు కుట్టేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. గుర్రానికి జీను, కళ్ళెం, పగ్గాలు కొలత తీసి చేత్తో కుట్టేవాడు మాత్రం ఆయన ఒక్కడే. ఆయన కుట్టు స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఒకరోజు ఆయన కుట్టిన పగ్గం చూస్తే కుట్లు పక్కకు జరిగి, కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. దాన్ని వేళ్ళతో తడుముతూ, “బాగుండాదా పాపా?” అన్నాడు. బాగుందన్నాను. ఆయన చర్చికి పోయిన తర్వాత ఆ కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. ఇంటికొచ్చి మళ్ళీ తడిమి చూశాడు. ఈసారి ఏమీ అడగలేదు.

నాకు ఆ పని కొత్త కాదు. అమ్మ చిన్నప్పుడే పోయింది. బడి నుంచి రాగానే నాయన ఎదురుగా కూర్చుని దారానికి మైనం పట్టించేదాన్ని. జీను కుట్టు రెండు సూదుల కుట్టు. ఆరెతో తోలుకు బెజ్జం పొడిచి, అదే బెజ్జంలోకి ఈ పక్క నుంచి ఒక సూది, ఆ పక్క నుంచి ఒక సూది దూర్చి లాగాలి. రెండో సూది ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. పెళ్ళయినాక కూడా నాలుగిళ్ళ అవతలే కాపురం. మా ఆయన టిప్పర్ డ్రైవరు. ఆయన వారానికి ఒకసారి ఇంటికొచ్చేవాడు కాబట్టి నా పగలంతా నాయన దగ్గరే గడిచేది.

నెల్లూరు తీసుకుపోయి చూపిస్తే డాక్టరు నీటికాసులు అన్నాడు. పోయిన చూపు ఇక రాదన్నాడు. తిరుగు బస్సులో ఆత్మకూరు దాటినాక నాయన అన్నాడు.

“నువ్వు కుట్టు. నేను కొలతలు తీస్తా, తోలు ఎంచుతా. కానీ ఈ మాట మన గడప దాటగూడదు. ఆడది కుట్టిన జీను ఎవురూ గుర్రం మీద ఎయ్యరు.”

సరేనన్నాను. అప్పుడు నాకది బాధనిపించలేదు. ఇద్దరి మధ్యే ఉన్న రహస్యం కదా అని లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అలా నాలుగేళ్ళు నడిచింది. గిరాకీ ఎవరైనా వస్తే నాయన పంచలో కూర్చుని మాట్లాడేవాడు. నేను లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కుట్టేదాన్ని. జట్కాలు పోయి చాలాకాలమైంది. వచ్చేవాళ్ళంతా పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు పెట్టుకున్నవాళ్ళే. ఊరేగింపులో పెళ్ళికొడుకు ఏ కులంవాడైనా మేం కుట్టిన తోలు మీదే కూర్చోవాలని నాయన ఇంట్లో నవ్వుతూ అనేవాడు. ఊరేగింపు జరిగే వీధిలో మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు.

చూపు పోయిందని అందరికీ తెలుసు. దానివల్ల ఆయన పేరు తగ్గలేదు, ఇంకా పెరిగింది. కళ్ళు లేకపోయినా కుట్టులో తేడా రాలేదంటూ జనం వచ్చి ఆ కుట్లను తడిమి చూసిపోయేవాళ్ళు. ఒక ఆదివారం చర్చిలో నాయన లేచి సాక్ష్యం చెప్పాడు.

“దేవుడు నా కళ్ళు తీసుకున్నాడు గానీ నా చేతులు నాకే ఇడిసిపెట్టినాడు. ఆయనకి స్తోత్రం.”

అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న నేనూ అన్నాను. ఆ వారమే ఆరె జారి నా ఎడమచేతి బొటనవేలు చీరుకుపోయింది. ఆ వేలికి గుడ్డ చుట్టుకుని, పైట కింద దాచుకుని స్తోత్రం అన్నాను. ఇంటికి నడిచి వస్తూ, అట్లా ఎందుకు చెప్పావు నాయనా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. చెప్పీ చెప్పీ ఆయన అదే నిజమని నమ్ముతున్నాడేమోనని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

మాకు అందరికంటే నమ్మకమైన గిరాకీ ఆత్మకూరు సాయిబు. వాళ్ళ నాయన ఆత్మకూరు బస్టాండులో జట్కా తోలినవాడు. ఈయన రెండు గుర్రాలు పెట్టుకుని కలువాయి నుంచి జలదంకి దాకా పెళ్ళిళ్ళకు తిప్పేవాడు. మనిషి మంచివాడు. గుర్రాలకు పెట్టనిదే తాను తినడని వాళ్ళావిడ అనేది. ఆయన కొత్తగా ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చాడు. దానికి జీను కావాలని కబురు పెడితే నేను నాయనను చెయ్యి పట్టుకుని బస్సులో తీసుకుపోయాను.

నాయన సాయిబు వెంట కొట్టంలోకి పోయాడు. నన్ను మాత్రం లోపల ఆడవాళ్ళ దగ్గర కూర్చోమన్నాడు. సాయిబు భార్య టీ ఇచ్చింది. వంటింటి కిటికీలోంచి గుర్రం కనిపించింది. చిక్కటి తెలుపు. దాని మూపు, అంటే మెడ ముగిసి వీపు మొదలయ్యే చోటి ఎత్తు, మామూలు గుర్రాల కంటే బాగా లేచి, సన్నగా ఉంది. నాయన తన సీసపు కడ్డీని దాని మూపు మీద పెట్టి రెండు పక్కలా నొక్కాడు. మెత్తటి సీసం ఎలా వంచితే అలా నిలబడుతుంది. ఆ వంపును ఇంటికి తెచ్చి అట్ట మీద గీసుకుంటే జీను లోపలి చెక్క చట్రానికి అదే కొలత. చట్రం గుర్రం వెన్ను మీద ఆనకూడదు. రెండు పక్కల కండ మీదే ఆని, నడిమధ్య గాలి ఆడాలి. జీను పనిలో అసలు సంగతి అదే.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. నాయన కడ్డీని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. మర్రిపాడు దగ్గర ఎక్కిన ఒకామె తన బియ్యపు మూట మా కాళ్ళ దగ్గర పెట్టబోయి మూటతో సహా నాయన ఒడిలోకి ఒరిగింది. మూట తీసేసరికి కడ్డీ వంపు విచ్చుకుని ఉంది.

“నాయనా, కడ్డీ విచ్చుకునింది. రేపు మళ్ళీ పోయి కొలుద్దాం,” అన్నాను.

ఆయన దాన్ని తడిమి, రెండు చేతులతో దగ్గరికి నొక్కాడు. “ఏం అక్కర్లేదు. నా చేతికి గుర్తుండాది.”

“దాని మూపు ఇంకా సన్నంగా ఉండాది నాయనా. నేను చూసినాను.”

“నువ్వు కిటికీలో నుంచి చూసినావు. నేను చేత్తో పట్టి చూసినాను. మళ్ళీ పోతే ఏమనుకుంటారు? ముసిలోడికి కొలత కూడా గుర్తులేదనుకోరా?”

నేను ఊరుకున్నాను. ఈ కథలో నా తప్పు ఏదైనా ఉందంటే అదే. మర్నాడు ఒక్కదాన్నే బస్సెక్కి పోయి ఉండాల్సింది. పోలేదు. ఆ కొలతకే వడ్రంగి చట్రం చేశాడు. దాని మీద తోలు సాగదీసి, కింద రెండు మెత్తలు దూదితో కూరి, నెల రోజులు కూర్చుని కుట్టాను. నేను కుట్టిన వాటన్నిట్లోకీ అది అందమైన జీను. అంచు వెంబడి మల్లెతీగ కూడా చెక్కాను. సాయిబు వచ్చి తీసుకుపోతూ, “మేస్త్రీ, నీ చేతుల్ని కళ్ళకద్దుకోవాల,” అన్నాడు. నాయన నవ్వాడు. నేను తలుపు వెనకే ఉన్నాను.

పెళ్ళిళ్ళ రోజులు మొదలైన మూడు వారాలకు సాయిబు మళ్ళీ వచ్చాడు. ఆటోలోంచి జీను దించి మా పంచలో పడేశాడు. ఆ చప్పుడుకు నేను బయటికి వచ్చాను. వీధిలో పోయేవాళ్ళు నలుగురైదుగురు నిలబడ్డారు.

“చూడు మేస్త్రీ,” అంటూ ఫోన్ నాయన ముందుకు చాపాడు. చూపు లేదని గుర్తొచ్చి నావైపు తిప్పాడు. “నువ్వు చూసి చెప్పమ్మా మీ నాయనకి.”

ఫోటో చూశాను.

“ఏముండాది పాపా?” అన్నాడు నాయన.

“పుండు నాయనా. మూపు మీద. అరచెయ్యంత ఉండాది. తోలు పూర్తిగా ఊడిపోయింది. చీము పట్టింది.”

“ఎడమ పక్కా, కుడి పక్కా?”

“ఏ పక్కా కాదు. నడిమధ్య.”

నాయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. మెత్త కూరడంలోనో కుట్టులోనో తప్పుంటే పుండు ఒక పక్కకు పడుతుంది. నడిమధ్య పడిందంటే చట్రం వెడల్పై వెన్ను మీద కూర్చుందని అర్థం. అంటే తప్పు కొలతలో ఉంది. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. ఆయన వంగి జీను అంచును ఒకసారి తడిమాడు. తర్వాత అన్నాడు.

“అది నా చేతి పని కాదు సాయిబూ. నాకు చూపు పోయి నాలుగేండ్లాయె. మా అమ్మాయి కుడతా ఉండాది.”

నాలుగేళ్ళుగా నేను వినాలనుకున్న మాట అదే. చివరికి ఆయన నోట అది ఇలా వచ్చింది.

సాయిబు నావైపు చూశాడు. “ఆడపిల్ల చేత కుట్టించి నా గుర్రం వీపు మీద ఏసినావా మేస్త్రీ? నోరులేని జీవం గదా అది!”

కొలత నాది కాదని నేను అనొచ్చు. కడ్డీ సంగతి, బస్సు సంగతి చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. వీధిలో జనం నిలబడి ఉన్నారు. నాయన తల వంచుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అంతమందిలో ఆయన్ని అబద్ధాలకోరును చేయలేకపోయాను. నిజం ఆయనే చెప్తాడేమోనని కూడా ఎదురుచూశాను. ఆయన చెప్పలేదు.

ఆ తర్వాతి వారం సీసపు కడ్డీ సంచిలో పెట్టుకుని ఒక్కదాన్నే ఆత్మకూరు పోయాను. సాయిబు ఇంట్లో లేడు. ఆయన భార్య నన్ను గుమ్మం దగ్గరే చాలాసేపు చూసి, తర్వాత కొట్టంలోకి తీసుకుపోయింది. నేను దగ్గరికి పోతే గుర్రం బెదిరింది. ఆమె తలతాడు పట్టుకుని దాని చెవిలో ఉర్దూలో ఏదో చెప్పింది. పుండుకు వెనగ్గా, దానికి తగలకుండా కొలత తీసుకున్నాను. కడ్డీని ఇంటిదాకా రెండు చేతులతో పట్టుకునే వచ్చాను. పాత అట్టకూ కొత్త అట్టకూ రెండు వేళ్ళ తేడా ఉంది.

రెండు అట్టలూ కత్తిరించి నాయన చేతుల్లో పెట్టాను. “ఇది నువ్వు చెప్పిన కొలత. ఇది గుర్రం కొలత.”

ఆయన చాలాసేపు తడిమాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి అంచుల వెంబడి గోరు నడిపాడు. ఆయన వేళ్ళకు ఆ తేడా తెలియకపోవడమనేది ఉండదు.

“గుర్రం చిక్కింది,” అన్నాడు. “చిక్కితే మూపు లేస్తాది.”

ఆ రెండు అట్టలూ పక్కన పెట్టి నీళ్ళు అడిగాడు. నేను ఇచ్చాను.

అయినా ఆ జీనును విప్పి, కొత్త కొలతకు చట్రం చేయించి మళ్ళీ కుట్టాను. తీసుకుపోతే సాయిబు ముట్టుకోలేదు. అప్పటికే హైదరాబాదు నుంచి ఫ్యాక్టరీ జీను తెప్పించాడు. “నీ మీద కోపం లేదమ్మా. కానీ పెళ్ళోళ్ళు అడగతారు గదా,” అన్నాడు. పెళ్ళివాళ్ళు ఏం అడుగుతారో నాకర్థం కాలేదు. జీను ఎవరు కుట్టారని ఏ పెళ్ళికొడుకూ అడిగినట్టు నేను వినలేదు. తెల్ల గుర్రం కొట్టంలో లేదు. పుండు లోపలికి దిగి మానకపోతే ఎవరో బ్రోకరుకు ఇచ్చేశారని వాళ్ళావిడ వాకిట్లో మెల్లగా చెప్పింది. ఎక్కడికి తోలుకుపోయాడో ఆమెకూ తెలియదు.

జీను కుట్టింది ఆడదన్న మాట అన్ని ఊళ్ళకూ పాకింది. మళ్ళీ మా గడపకు గుర్రం పని రాలేదు. నాయన ఇంకా రెండేళ్ళు బతికాడు. రోజూ పంచలో కూర్చునేవాడు. నేను అన్నం పెట్టేదాన్ని, స్నానానికి నీళ్ళు తోడేదాన్ని, మందులు వేసేదాన్ని. మాట్లాడుకునేవాళ్ళం కూడా. ఎండల గురించీ, మందుల గురించీ, చర్చికి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అనీ. గుర్రం మాట మాత్రం రాలేదు. ఆఖరి రోజుల్లో ఒకసారి నా చెయ్యి పట్టుకుని బొటనవేలి మీది మచ్చను తడిమాడు. ఏదో చెప్తాడనుకున్నాను. “కొబ్బరినూనె రాయి,” అన్నాడంతే.

సమాధి చేసిన రోజు సాయిబు వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటూ పక్కనున్నవాళ్ళతో అన్నాడు. “నా గుర్రాలకి ఇన్నేండ్లు ఈయన పనే. ఒక్క వంక లేదు. ఆఖర్న ఒక్కటి ఆ పిల్ల కుట్టింది, అంతే, పేరు పోయింది పెద్దాయనకి.” పక్కవాళ్ళు తల ఊపారు. నాలుగడుగుల దూరంలో నేను మట్టి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ నాలుగేళ్ళలో కుట్టినవన్నీ నావేనని వాళ్ళకు తెలుసు. నాయన నోటితోనే విన్నారు. అయినా లెక్కలో మంచివన్నీ ఆయనకు పోయి, చెడ్డది ఒక్కటీ నాకు మిగిలింది. నేను ఆ మట్టి గుంటలో వేసి పక్కకు జరిగాను.

కోపం ఇంకా పోలేదా అని మా ఆయన అడుగుతుంటాడు. పోలేదు. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని పాస్టరు గారు అంటారు. ఆయన మాట మీద గౌరవం ఉంది. కోపం కూడా ఉంది.

ఇప్పుడు ఆత్మకూరు రోడ్డులో నాకొక చిన్న షాపు ఉంది. ఆటోలకూ బైకులకూ రెగ్జిన్ సీట్లు మిషన్ మీద కుడతాను. కొలత నేనే తీసుకుంటాను. బోర్డు మీద నా పేరే రాయించుకున్నాను. ఈమధ్య కలువాయి వైపు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. గుర్రం కొన్నాడట. తోలుతో చేతికుట్టు జీను కావాలట. మా నాయన పేరు చెప్పి ఉన్నాడా అని అడిగాడు.

“లేడు. నేను కుడతాను. గుర్రాన్ని కూడా నేనే వచ్చి కొలుస్తాను,” అన్నాను.

“ఇంట్లో అడిగి చేస్తాలే మేడం,” అన్నాడు.

రెండు వారాలైంది. ఫోన్ రాలేదు. ఇంత రాస్తుండగానే షాపు ముందు ఒక ఆటో ఆగింది. వెనక సీటు చిరిగిందట, సాయంత్రానికల్లా కావాలట.