బస్సు బయలుదేరింది

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. పొడుగాటి రాతలో ఏది వెతికి పట్టుకోవాలో కంప్యూటర్‌కి చెప్పే చిన్న సూత్రాలవి. చూస్తే సిరాలో పడి లేచిన చీమలు కాగితం మీద నడిచినట్టుంటాయి. నోయిడా ఆఫీసులో చేరిన కొత్తలో వాటిని నాకు నేర్పింది మా టీమ్‌లోని తెలుగావిడ. కృష్ణా జిల్లా మనిషి, ఫరీదాబాద్‌లో కాపురం. అక్కా అని పిలిచేదాన్ని.

శనివారాలు ఢిల్లీ అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌కి భోజనానికి తీసుకెళ్లి, పప్పన్నం కలుపుకుంటూ పాఠం చెప్పేది. "చుక్కా నక్షత్రం పక్కపక్కన పడ్డాయంటే బకాసురుడే. లైను చివరిదాకా మింగుకుంటూ పోద్ది. వెనక ఒక ప్రశ్నార్థకం పెట్టావనుకో, మొదట దొరికినదాంతోనే ఆగుద్ది" అనేది.

పోయిన చలికాలం ఆమె క్యాన్సర్‌తో పోయింది. చివరి నెలలు ఇంట్లోంచే పనిచేసింది. ఆమె రాసిన ప్రోగ్రాము మాత్రం రోజూ ఉదయం నడుస్తూనే ఉంది. స్కూలు బస్సు కదలగానే తల్లిదండ్రులకు మెసేజ్ పంపడం దాని పని. అది నా నెత్తిన పడ్డాక ఆ ఫైలు తెరవాలంటే భయం వేసేది. ఆమె పెట్టిన ఏ చుక్క మీద చెయ్యి వేసినా, ఆమె వెనక నిలబడి చూస్తున్నట్టే ఉండేది. ఒకసారి అడుగుదామని వెనక్కి తిరిగాను కూడా. కుర్చీ ఖాళీ.

ఈ చలికాలం ఫిర్యాదులొచ్చాయి. ఒక స్కూలువాళ్లు ఒక్కో బిడ్డ పేరు పక్కన రెండేసి ఫోన్ నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ముందుది స్టాపుకు వచ్చేవాళ్లది. మెసేజ్ మాత్రం రెండోదానికి పోతోంది. పొగమంచులో తల్లీబిడ్డా వణుకుతూ నిలబడితే, బస్సు కబురు ఎక్కడో ఆఫీసులో ఉన్న తండ్రికి అందుతోంది.

సూత్రాన్ని ముక్కలుముక్కలు చేసి చూశాను, జుట్టు పీక్కున్నాను, దారినపోయే వాళ్లమీద కసురుకున్నాను. తీరా చూస్తే అక్క చెప్పిన బకాసురుడే. మొదటి నంబరును మింగేసి చివరిదాన్ని వదులుతున్నాడు. నాకు నేర్పిన మనిషే అది మరిచిపోయిందంటే ఆ రోజుల్లో ఒంట్లో ఎంత ఓపిక ఉందో ఏమో. ఒక్క ప్రశ్నార్థకం పెట్టాను, కుదిరిపోయింది.

మర్నాడు ఉదయం ఆఫీసులో కూర్చున్నానో లేదో నా ఫోన్ మోగింది. తెర మీద 'అక్క' అని వచ్చింది. ఎత్తాను. మాట్లాడింది ఆమె భర్త.

"ఏమ్మా, ఇవాళ మెసేజ్ రాలేదు. బస్సు లేదా?"

వాళ్లమ్మాయి కాలేజీలో చదువుతోంది. ఆ ఇంటికి ఏ స్కూలు బస్సూ రాదు. ఒక్క క్షణమని చెప్పి ఫైలు తెరిచాను. మెసేజ్ సరిగ్గా వెళుతోందో లేదో పరీక్షించడానికి సొంత నంబరు పెట్టుకోవడం మా వాళ్లందరికీ ఉన్న అలవాటే. ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో అక్క కూడా, పరీక్ష లైనులో ఆఫీసు ఫోన్ నంబరు తర్వాత తన నంబరు చేర్చుకుంది. చివర ఉన్నది అదే కాబట్టి, ఆమె పోయాక కూడా రోజూ ఆ ఫోనుకే వెళుతోంది: "బస్సు బయలుదేరింది. స్టాపు దగ్గరికి రండి." నేను తప్పు దిద్దగానే ఆఫీసు ఫోనుకు మళ్లింది.

ఈలోగా అమ్మాయి ఫోన్ తీసుకుంది. తెలుగు అర్థమవుతుంది గానీ బదులు హిందీలోనే. మెసేజ్ రాగానే నాన్న మఫ్లర్ చుట్టుకుని కిందికి దిగి, గేటు దగ్గర నిలబడతారట. ఎంత పిలిచినా పైకి రారట. గొంతు తగ్గించి, "ఆంటీ, ప్లీజ్, ఫిర్ సే చాలూ మత్ కీజియేగా" అంది, మళ్లీ మొదలుపెట్టొద్దని.

ఆయన మళ్లీ లైనులోకి వచ్చారు. ఇంకో వరుస రాసి ఆయనకొక్కరికీ పంపడం నాకు చిటికెలో పని. పంపితే ఈ మంచులో నిలబడతారు. మానేస్తే అక్క నుంచి వచ్చే ఆ ఒక్క పిలుపూ పోతుంది. "బావగారూ, అది అక్క పంపేది కాదండీ, మెషీన్ పంపేది" అన్నాను.

"తెలుసమ్మా. ఆ మెషీన్‌కి చెప్పింది మీ అక్కే కదా."

తెరిచిన ఫైలు మూసేసి, ఇక రాదండీ అని చెప్పాను. వెనక ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది.

"అయితే ఈ ఫోనుకి ఇక ఛార్జింగ్ పెట్టక్కర్లేదన్నమాట" అన్నారు.