అమ్మ ఉతికేసిన ఖాకీ చొక్కా

మా ఇంట్లో ఏ గుడ్డా ఒక్కసారిగా పాతబడదు. చీర మొదట దుప్పటవుతుంది. దుప్పటి పల్చబడితే దిండు గలీబులు, గలీబు చిరిగితే వంటింట్లో మసిగుడ్డ, అక్కడా పనికిరాదనుకుంటే నేల తుడిచే తడిగుడ్డ. ఆఖరికి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికి చేరేసరికి దాని అసలు రంగేమిటో అమ్మకు తప్ప ఎవరికీ గుర్తుండదు. నిమ్మతొక్కలు ఉప్పులో ఊరేసి సింకు తోముతుంది. వాడేసిన టీపొడిని కడిగి ఆరబెట్టి జిడ్డు గిన్నెలకు రుద్దుతుంది. కుంకుడురసం తలంట్లకు పోగా మిగిలితే బట్టలకు, బట్టలకు పోగా మిగిలితే గచ్చుకు. ఫిల్మ్ నగర్‌లో మా వీధికి పొద్దున్నే వచ్చే చెత్త ఆటో అతను మా గుమ్మం ముందు ఆగడం ఎప్పుడో మానేశాడు. ఆ మాట అమ్మ చర్చిలో కూడా గొప్పగా చెప్పుకుంటుంది.

నాకు విసుగే. అయినా ఆ విసుగుతోనే అమ్మకు సాయం చేస్తుంటాను. షూటింగ్‌లో దర్జీ పారేసే కట్‌పీసులు, ఇంక ఏ సీన్‌కీ అక్కర్లేదని వదిలేసిన పాత చొక్కాలు ఓ ప్లాస్టిక్ కవర్లో వేసి ఇంటికి తెస్తాను. కుర్చీ మీద ఆ కవర్ కనిపిస్తే చాలు, అమ్మ బ్లేడు తీసుకుని కూర్చుంటుంది.

సినిమాల్లో కాస్ట్యూమ్స్ అసిస్టెంటుగా నాది ఇంకా కొత్త ఉద్యోగం. నాన్న స్టూడియో వ్యాన్ నడిపేవాడు. ఆయన పోయాక, ఆయన్ని ఎరిగిన కాస్ట్యూమ్స్ మాస్టర్ నన్ను పనిలో పెట్టుకున్నారు. ఇల్లు దాంతోనే నడుస్తోంది. మాస్టర్ అరిచే మనిషి కాదు, అదే నా భయం. నాకు ముందున్న అమ్మాయి ఒకరోజు హీరోయిన్ చున్నీ లొకేషన్‌లో మర్చిపోయి వచ్చిందట. మాస్టర్ ఆమెకు టీ ఇప్పించి, తాగడం అయ్యాక, రేపటి నుంచి రావద్దమ్మా అన్నారట. ఆ కథ విన్నప్పటి నుంచి ఆయన ఎప్పుడు టీ ఇప్పించినా నాకు గొంతు దిగదు.

అప్పుడు చేస్తున్న సినిమాలో హీరో లారీ డ్రైవర్. ఫైట్ సీన్ కోసం ఒకే రకం ఖాకీ చొక్కాలు మూడు కుట్టించాం. ఒకటి మంటల షాట్‌లో కాలిపోయింది. ఇంకొకటి డూప్ వేసుకుని వేరే ఊరి షూటింగ్‌కు వెళ్లాడు. మిగిలింది ఒక్కటే. ఎడమ భుజం దగ్గర చిరుగు, రొమ్ము మీద నెత్తురు మరక, వీపంతా మట్టి. ఆ చిరుగూ మరకా ముందు తీసిన షాట్‌లో ఎలా ఉన్నాయో తరువాతి షాట్‌లోనూ అచ్చం అలాగే ఉండాలి. దాన్నే కంటిన్యుటీ అంటారు. శనివారం ప్యాకప్ అయ్యేసరికి ఆ చిరుగు ఇంకా సాగేటట్టుంది. లోపలి నుంచి రెండు కుట్లు వేసి సోమవారం పొద్దున్నే తెమ్మని మాస్టర్ చొక్కా నాకిచ్చారు. నెలలో రెండో ఆదివారం సినిమావాళ్లకు సెలవు కాబట్టి మధ్యలో షూటింగ్ లేదు. కవర్లో పెట్టి ఇంటికి తెచ్చాను. కుర్చీ మీద పెట్టాను.

ఆదివారం అమ్మ తెల్లవారుజాము ఆరాధనకు వెళ్లి వచ్చేసింది. నేను రెండో ఆరాధనకు వెళ్లి, ఎండ నెత్తికెక్కాక ఇల్లు చేరాను. డాబా మీద తీగకు ఏవో ఖాకీ ముక్కలు వరసగా ఆరేసి ఉన్నాయి. కాలరు ఒకచోట, వీపు ఒకచోట, చెయ్యి ఒకచోట. ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మెట్ల మీదే కూర్చుండిపోయాను.

కుంకుడురసం వాసన వస్తోంది. నెత్తురు మరక ఆనవాలు కూడా లేదు. అమ్మ ఎంత బాగా ఉతుకుతుందో అప్పుడు తెలిసింది నాకు.

నా మొహం చూసి అమ్మ చేతిలో బకెట్ కింద పెట్టేసింది. ఆ చొక్కా ఏంటో, సోమవారం అది లేకపోతే ఏమవుతుందో చెప్పాను. నేను అరుస్తానని ఎదురుచూసింది పాపం. నాకు అరిచే ఓపిక కూడా లేదు.

"కట్‌పీసులతో పాటు తెచ్చావనుకున్నానే," అంది. "పని పోతుందా?" అని అడిగింది.

పోతుందన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం రాలేదు.

ఒక్క సంగతి మాత్రం మమ్మల్ని కాపాడింది. అమ్మ గుడ్డను ఎప్పుడూ అడ్డంగా కోయదు. అలా కోస్తే పోగులు లేచి గుడ్డ తొందరగా పోతుందని, బ్లేడుతో కుట్లు విప్పి ముక్కలు తీస్తుంది. గుండీలు సీసాలో వేస్తుంది. అంటే చొక్కా చావలేదు, విడిపోయిందంతే. భుజం దగ్గర చిరుగు కూడా ఉన్నది ఉన్నట్టే ఉంది. మళ్లీ కుట్టొచ్చు. ముక్కలన్నీ ఏరి మంచం మీద చొక్కా ఆకారంలో పరిచాను. కుడి చెయ్యి లేదు.

అది బాత్రూంలో ఉంది. బ్లీచింగ్ పౌడర్ పెట్టి గచ్చు రుద్దిందట దాంతో. చెయ్యంతా తెల్లని మచ్చలు.

ఆదివారం ఏ బట్టల కొట్టులో ఆ ఖాకీ దొరుకుతుంది? దొరికినా కొత్తగా మెరిసే చెయ్యి ఆ చొక్కాకు అతుకుతుందా? ఫోన్ తీసి మాస్టర్‌కు చెప్పేద్దామని రెండుసార్లు అనుకుని, రెండుసార్లూ పక్కన పెట్టేశాను. అమ్మ లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత చప్పుడు వినిపించింది.

నాన్న చొక్కా పట్టుకొచ్చింది. నాన్న బట్టలన్నీ మా ఇంట్లో దుప్పట్లూ మసిగుడ్డలూ అయిపోయాయి. ఈ ఒక్క డ్రైవర్ చొక్కా జోలికి మాత్రం అమ్మ బ్లేడు పోలేదు. దాని కుడి చెయ్యి మోచేతి దాకా వెలిసిపోయి ఉంటుంది. వ్యాన్ నడిపేటప్పుడు ఆ చెయ్యి కిటికీ మీద పెట్టుకునే అలవాటు ఆయనకు.

వద్దమ్మా అన్నాను. వినలేదు. ఎప్పటిలాగే బ్లేడుతో ఆ కుడి చేతి కుట్లు ఒక్కొక్కటే విప్పింది. తొందర లేదు, కానీ పెదవులు బిగించుకుంది. నేను పక్కకు తిరిగి కాలరు కుడుతూ కూర్చున్నాను.

ఆ చెయ్యి కూడా అతికి హీరో చొక్కా పూర్తయ్యాక మరకలు మొదలుపెట్టాం. పుట్టి బుద్ధెరిగాక మరక పోగొట్టడమే తప్ప పెట్టడం తెలియని మనిషి మా అమ్మ. గిన్నెల కోసం దాచిన టీపొడి మరిగించింది. వీధి చివర ఇల్లు కడుతున్నచోట ఎర్రమట్టి ఎత్తుకొచ్చింది. నా సంచిలో మేకప్ నెత్తురు ఉంది. ఫోన్‌లో కంటిన్యుటీ ఫొటో ముందు పెట్టుకుని మరక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలితో చూపించాను. తను అద్దింది. ప్రతి చుక్కకూ ఇది సరేనా అని అడిగింది. ఏమో, నాకేం తెలుసు? సరే అంటూ వచ్చాను.

సోమవారం పొద్దున ఆ చొక్కా హీరో ఒంటి మీదికి ఎక్కింది. అసిస్టెంట్ డైరెక్టర్ ఫొటో పెట్టి చూశాడు. ఎడమ భుజం చూశాడు, రొమ్ము చూశాడు, తలూపాడు. కెమెరా ఎడమ వైపే ఉంది. కాస్త ఊపిరి పీల్చుకునేలోగా మాస్టర్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయన చూపు కుడి చెయ్యి మీదే ఉంది.

షాట్ అయ్యాక నన్ను పక్కకు పిలిచి టీ తెప్పించారు. గ్లాసు అందుకున్నాను, తాగలేదు.

"గీ చెయ్యి గిట్ల లేకుండె కదా," అన్నారు.

లేదు మాస్టర్ అన్నాను.

"లారీ నడిపేటోని చెయ్యి గిట్లనే ఉంటది. మనకు ముందుగాల యాదికి రాలే. ఎట్ల చేసినవ్?"

"ఎండలో పెట్టాం మాస్టర్," అన్నాను. అది అబద్ధం కాదు.

ఇంకా తియ్యని సీన్లకు కొత్తగా రెండు చొక్కాలు కుట్టిస్తున్నారట. వాటి కుడి చేతులు కూడా ఇలాగే వెలిసిపోవాలి, వారం తిరిగేలోగా కావాలి అన్నారు. టీ తాగమ్మా అని వెళ్లిపోయారు. ఆ భయం తీరకుండానే ఇంకో భయం వచ్చి కూర్చుంది.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది ఒక్కటే, పని ఉందా అని. ఉందని చెప్పి, ఈ కొత్త పని సంగతి కూడా చెప్పాను. ఆ వారమంతా కొత్త ఖాకీని డాబా మీద ఎండబెట్టాను. నిమ్మరసం రాశాను, గోడకేసి రుద్దాను. చూసిన ప్రతిసారీ కొత్తగానే కనిపించింది. అమ్మ వచ్చి దాన్ని తిప్పి చూసి కిందికి వెళ్లేది.

గడువు రోజున సెట్‌లో దారపు ఉండ కోసం సంచి తెరిచాను. అడుగున, కుడి చెయ్యి పోగా మిగిలిన నాన్న చొక్కా మడతపెట్టి ఉంది. పక్కనే, దాన్నీ విప్పి ఆ పాత గుడ్డతో చేతులు కుట్టుకోమన్నట్టు, అమ్మ కాగితంలో చుట్టి పెట్టిన బ్లేడు. తలెత్తితే ఎదురుగా మాస్టర్.

సంచి జిప్ వేసేశాను.

"నాతో కాలేదు మాస్టర్. కొత్త గుడ్డకు ఆ రంగు రాదు."

ఆయన ఒక్క క్షణం చూశారు. "అయితే గరుకు కాగితం పెట్టి రుద్దు, జర పెయింట్ కొట్టు," అని ఇంకో పని మీద వెళ్లిపోయారు. అంతే.

సాయంత్రం చొక్కా తీసి అమ్మ చేతిలో పెట్టాను. పని పోయిందేమోనని మొహం పాలిపోయింది తనకు. పోలేదని చెప్పాను. రెండోసారి చెప్తేగానీ నమ్మలేదు. అప్పుడు చొక్కా ఒళ్లో పరుచుకుని, కుడి చెయ్యి ఉండాల్సిన చోట లేచిన పోగులను వేలితో లోపలికి తోసింది. సూది అడిగింది. పోగులు ఇంక లేవకుండా ఆ అంచు చుట్టూ సన్నగా కుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టేసింది.